పుదుచ్చేరికి వెళ్లేముందు పాత పుస్తకం కొనండి

పోయిన నెల మా చెల్లెలి కొడుకు పెళ్లాంతో కలిసి పుదుచ్చేరికి బయల్దేరుతూ నా దగ్గరికొచ్చి ఒక గైడు పుస్తకం చూపించాడు. మెరిసే అట్ట, ఈ ఏటి ముద్రణ, చివర మడత పటం, చూడాల్సిన చోట్లకు ఒకటి నుంచి అయిదు దాకా నక్షత్రాలు, చొక్కా జేబులో పట్టేంత సైజు. "ఎట్ల ఉండాది మామా?" అన్నాడు. ఇటు తిప్పి, అటు తిప్పి చూసి, కొట్లో వాపసు తీసుకుంటారేమో కనుక్కోమన్నాను. కొత్తది, చిన్నది, పటం ఉన్నది, నక్షత్రాలున్నది. గైడులో ఉండకూడనివి నాలుగూ ఆ ఒక్క పుస్తకంలోనే ఉన్నాయి.

వాడు నా మాట వినలేదు. మీరైనా వింటారని రాస్తున్నాను.

నేను కినత్తుకడవు టమాటా మండీలో ఇరవై రెండేళ్లు లెక్కలు రాసినవాణ్ని. పుదుచ్చేరికి ఏడుసార్లు వెళ్లాను. మాకు దాదాపు నాలుగు వందల కిలోమీటర్లు. కోయంబత్తూరులో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి సముద్రం. పారిస్ చూసే స్తోమత లేని మాలాంటివాళ్లకు వీసా లేకుండా ఫ్రెంచి మాట చెవిన పడే ఊరు దగ్గర్లో అదే. వెళ్లేది రెండు రోజులకే అయినా పుస్తకం ఎంచుకోవడానికి నేను రెండు నెలలు తీసుకుంటాను. అంతసేపెందుకని ఇంట్లో అడుగుతారు. పెళ్లిచూపులకు ఒక పూటే వెళ్తాం, విచారణ మాత్రం నెలల తరబడి చేయమూ?

ముందు వయసు చూడండి. గైడుకు కనీసం ఇరవై ఏళ్లు నిండి ఉండాలి. మా పొళ్లాచ్చి బస్సులన్నీ కోయంబత్తూరు ఉక్కడంలో ఆగుతాయి. అక్కడి పాత పుస్తకాల కొట్లలోనే నా దగ్గరున్న గైడు దొరికింది. ముందు అట్ట లేదు, అచ్చయిన ఏడు ఉండే పేజీ లేదు. లోపలి ధరలను బట్టి 1980లలోదని పోల్చుకున్నాను. అందులో పుదుచ్చేరి పేరు పాండిచ్చేరి అనే ఉంది. పేరు మారింది 2006లో. ఆ పుస్తకం బీచ్ రోడ్డు పక్కన ఇసుక తీరం ఉందంటుంది. మొదటిసారి వెళ్లినప్పుడు ఇసుక రవ్వంత లేదు, ఒడ్డంతా నల్లరాళ్ల గుట్టలు. ఊరికి దక్షిణాన ఓడరేవు కట్టాక, దాని గోడలు ఇసుక ఉత్తరానికి జరగకుండా అడ్డుపడ్డాయి. పట్నం ముందున్న తీరం కోసుకుపోయింది. కెరటాలను ఆపడానికి రాళ్లు పోశారు. ఆ రోజుల్లో అచ్చయిన కొత్త గైడులు "ఇక్కడ బీచ్ లేదు" అని రాశాయి. 2018 తర్వాత సచివాలయం ఎదుట నీటి అడుగున ఒక దిబ్బ కట్టారు. కొంతమేర ఇసుక తిరిగి చేరింది. ఇప్పుడు చెప్పండి, నా పాత పుస్తకం తప్పా, ఒప్పా? ముప్పై ఏళ్లు ఓపిక పట్టింది, సముద్రమే దాని దగ్గరికి వచ్చింది.

సముద్రంలోకి చొచ్చుకెళ్లే వంతెన సంగతీ అంతే. పాతదాన్ని 1952 తుపాను కొట్టుకుపోయింది. 1962లో కట్టిన వంతెన ఫొటోను అట్ట మీద వేసుకున్న గైడులు ఎన్నో వచ్చాయి. 2022 మార్చిలో ఆ వంతెనలో కొంత కూలి నీళ్లలో పడింది. ఆ అట్టలన్నీ ఒక్క రాత్రిలో పాతవైపోయాయి. కొత్త పుస్తకం కొన్నవాడికి అలా మోసపోయినట్టుంటుంది. పాతది కొన్నవాడికి అందులో ప్రతి వాక్యం ఇప్పుడు ఎలా ఉందో వెళ్లి చూడాలనిపిస్తుంది. ఊరు చూడటమంటే నా దృష్టిలో ఇదే. పుస్తకంలో ఉన్నదానికీ కళ్ల ముందున్నదానికీ ఎంత తేడా వచ్చిందో నడిచి కొలవడం.

వీధుల పేర్ల కోసమైతే పాతది తప్పనిసరి. లాల్ బహదూర్ శాస్త్రి వీధి అని మా మేనల్లుడి గైడులో ఉంది. నా గైడులో అది బుస్సీ వీధి. తెలుగువాడు ఆ పేరు చదివి ముందుకు నడవగలడా? 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద పడ్డ సేనలో విజయనగరం రాజు విజయరామరాజు పక్కన నిలిచిన ఫ్రెంచి సేనాని ఆ బుస్సీయే. బుర్రకథల్లో, నాటకాల్లో, సినిమాలో విన్న పేరు. 1785లో అతను చనిపోయింది పుదుచ్చేరిలోనే. తాండ్ర పాపయ్య కథ విని ఏడ్చిన మా అవ్వను ఆ వీధి మొదట్లో నిలబెట్టి, ఇది వాడి పేరు పెట్టిన వీధే అవ్వా అంటే, ఆమె చెప్పు విడిచి నేలను ఒక్కసారి తొక్కి చూసింది. శాస్త్రిగారి పేరు మీద నాకు గౌరవమే. కానీ ఆ పేరు ఒక్కటే చదివిన తెలుగు యాత్రికుడు బొబ్బిలి పక్కనుంచే నడిచిపోయి, ఆ సంగతి తెలియకుండానే ఇంటికొస్తాడు. మన పాత తెలుగులో ఫ్రెంచివాళ్లను పరాసులనేవారు. మచిలీపట్నంలో వాళ్ల పేట పరాసుపేటగా ఇవాళ్టికీ ఉంది. పరాసు అన్న మాట తెలిసినవాళ్లకు పుదుచ్చేరి పరాయి ఊరు కాదు.

పాత పుస్తకం తప్పుదారి పట్టిస్తుంది కదా అంటారు. పట్టిస్తుంది, ఒప్పుకుంటాను. రెండోసారి మా అమ్మను తీసుకెళ్లినప్పుడు గైడులో ఉన్న బస వెతుక్కుంటూ తెల్లవారుజామున అయిదున్నరకు పోతే అక్కడ బట్టల కొట్టుంది, షట్టరు దించి ఉంది. అమ్మ మోకాళ్ల నొప్పితో ఆ కొట్టు మెట్టు మీదే రెండు గంటలు కూర్చుంది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. ఆ కోపం న్యాయమైనదే. అయితే ఆ రెండు గంటల్లోనే కొట్టు కాపలావాడు వచ్చి, ఆ బస ఎవరిదో, ఎందుకు మూతబడిందో, అందులో వంట చేసిన ముసలామె మాంసం కూరలో వినిగర్ ఎందుకు పోసేదో అంతా చెప్పాడు. బస దొరికుంటే పడుకునేవాళ్లం. అందుకే బసల పేజీల్ని అసలు చదవకండి. గదిని ముందే ఫోన్లో మాట్లాడుకోండి. పుస్తకానికి ఆ పని అప్పజెప్పకండి.

పాతదానికి ప్రాణాలను కూడా అప్పజెప్పినవాళ్లున్నారు. మిషెలిన్ టైర్ల కంపెనీ 1900లో మొదటి గైడును కార్లవాళ్లకు ఉచితంగా పంచింది. 1920 నుంచి ధర పెట్టింది. 1944లో మిత్రరాజ్యాల సైన్యం ఫ్రాన్సులో దిగడానికి సిద్ధమవుతున్నప్పుడు ఏ గైడును అచ్చు వేయించుకుందో తెలుసా? 1939 నాటిదాన్ని. యుద్ధం వల్ల రోడ్ల పేర్ల బోర్డులు పోయాయి. ఊళ్ల పటాలు ఆ పుస్తకంలో వివరంగా ఉన్నాయి. అయిదేళ్ల పాతదని ఎవరూ పక్కన పెట్టలేదు.

ఇది చెప్పినప్పుడల్లా మా మేనల్లుడు వెంటనే పట్టుకుంటాడు: "పటం వొద్దంటావు గదా మామా, వాళ్లు పటం కోసరమే గదా కొన్నారు?" వాళ్లు యుద్ధానికి పోయారు నాయనా. నువ్వు పోయేది పెళ్లాంతో. పుదుచ్చేరి పాత పట్నం గీతలు గీసినట్టుంటుంది. 1693లో డచ్చివాళ్లు ఊరిని పట్టుకుని 1699 దాకా ఉంచుకున్నారు. ఆ కాలంలో గీసిన నిలువు, అడ్డం వీధుల పథకమే ఇవాళ్టికీ నడుస్తోంది. మధ్యలో కాలువ, ఒకవైపు సముద్రం. ఎంత తప్పిపోయినా పావుగంటలో కాలువో సముద్రమో తగులుతుంది. అలాంటి ఊళ్లో మడత పటం విప్పి నడివీధిలో నిలబడ్డవాడికి ఎవరూ పలకరింపుగా ఒక మాట చెప్పరు, వాడికి అన్నీ తెలుసనుకుంటారు. పటం ఉన్న గైడే దొరికితే కొనండి, ఆ కాగితాన్ని ఇంట్లో క్యాలెండరు వెనక పెట్టండి. దారి అడగడానికి నోరుంది. అడిగిన ప్రతిసారీ ఆ ఊరి మనిషి ఒకరు పరిచయమవుతారు.

నక్షత్రాలున్న పుస్తకాన్ని మాత్రం ఏ ధరకూ కొనకండి. నాకు నక్షత్రాలంటే భయం. గైడుల్లో నక్షత్రాలు వేసే పద్ధతిని జర్మనీలో కార్ల్ బేడెకర్ పేరున్న పుస్తకాలు ప్రసిద్ధం చేశాయి. 1942లో జర్మన్ విమానాలు ఎక్సెటర్, బాత్, నోరిచ్, యార్క్, కాంటర్‌బరీ మీద బాంబులు వేశాయి. సైనికంగా అవి పెద్ద లక్ష్యాలు కావు, పాత అందమైన ఊళ్లు. ఇంగ్లండులో జనం వాటికి "బేడెకర్ దాడులు" అని పేరు పెట్టుకున్నారు. ఏది గొప్పదో నక్షత్రం వేసి చూపించడం ఎంతదాకా పోయిందో చూడండి. అదే బేడెకర్ గురించి ఇంకో కథ చెప్పుకుంటారు. మిలాన్ చర్చి మెట్లు ఎక్కుతూ ప్రతి ఇరవై మెట్లకు ఒక బఠానీ గింజను ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మార్చేవాడట, లెక్క తప్పకూడదని. ఆ బఠానీ గింజలు నాకు కావాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మను తీసుకెళ్లేవాడికి మెట్ల లెక్క కావాలి. ఆ మెట్ల పైన ఎన్ని నక్షత్రాలున్నాయన్నది ఆమె చెబుతుంది.

ఎప్పుడు వెళ్తే బాగుంటుందని ఒక పేజీ ఉంటుంది ప్రతి గైడులో. అదీ వదిలేయండి. గియోం లె జాంతి అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త శుక్రుడు సూర్యుడి ముందు నుంచి దాటిపోయే దృశ్యాన్ని చూడటానికి 1760లో పుదుచ్చేరికి ఓడెక్కాడు. 1761లో ఇంగ్లీషువాళ్లు ఊరిని పట్టుకోవడంతో ఓడ దిగలేకపోయాడు. ఊగే ఓడ మీద నుంచి చూసిన లెక్క పనికి రాలేదు. మళ్లీ ఎనిమిదేళ్లకు వస్తుందని అటే ఆగిపోయాడు. 1769 జూన్‌లో, సరైన చోట, సరైన గంటకు, పుదుచ్చేరిలో సిద్ధంగా కూర్చున్నాడు. అన్నాళ్లు తేటగా ఉన్న ఆకాశం ఆ పొద్దున మబ్బు పట్టింది. శుక్రుడు దాటిపోయాక మబ్బు విడిపోయింది. 1771లో ఇల్లు చేరితే అతను చచ్చిపోయాడని అనుకుని ఆస్తి పంచుకుంటున్నారు. ఇంతకన్నా బాగా ప్రయాణం ఆలోచించి పెట్టుకున్నవాడు ఎవరున్నారు? అరికమేడు దిబ్బల గురించి రాసిపెట్టింది కూడా ఆయనే. అక్కడే 1945లో పురావస్తువేత్త వీలర్ తవ్వకాల్లో రోము నుంచి వచ్చిన కుండలు బయటపడ్డాయి. చూడాలని వచ్చింది చూడలేకపోయాడు గాని, వెతకనిది చూశాడు. నేను ఎండాకాలంలో వెళ్తాను. గదులు చవక.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతికి వస్తాను. పుస్తకాన్ని చివరి నుంచి చూడండి. చివరి పేజీల్లో మాటల పట్టిక ఉంటుంది కదా, కొనాలా వద్దా అన్నది అక్కడే తేల్చుకోవాలి.

మా సంగతి కొంచెం చెప్పాలి. కోయంబత్తూరు చుట్టుపక్కల మా ఊళ్లలో వందల ఏళ్లుగా తెలుగు మాట్లాడే ఇళ్లున్నాయి. ఇంట్లో తెలుగు, వాకిలి దాటితే తమిళం. చదివేది, రాసేది అంతా తమిళంలోనే. నాకు తెలుగు అక్షరాలు పెళ్లయ్యాక వచ్చాయి. చిత్తూరు వైపు నుంచి వచ్చిన మా ఆవిడ పెద్దబాలశిక్ష ముందు పెట్టుకుని నేర్పింది. ఇంట్లోనే బతికే భాష ఎలా ఉంటుందో నాకు తెలుసు. బజార్లో ఎవరైనా హఠాత్తుగా మన మాటలో పలకరిస్తే ఒళ్లు జలదరిస్తుంది.

పుదుచ్చేరిలో ఫ్రెంచి అలాంటి భాష. 1954 అక్టోబరు 18న కీళూరులో 178 మంది ప్రతినిధులు ఓటేస్తే 170 మంది భారతదేశంలో కలవాలన్నారు. నవంబరు 1న పాలన చేతులు మారింది. ఒప్పందం చట్టరీత్యా అమల్లోకి వచ్చింది 1962 ఆగస్టు 16న. అప్పుడు ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకున్న కుటుంబాలు ఉన్నాయి. ఫ్రెంచి సైన్యంలో పనిచేసి పింఛను తీసుకునేవాళ్లను అక్కడివాళ్లు సొల్దా అంటారు. ఆ ఇళ్లలో ముసలివాళ్ల నోట ఫ్రెంచి ఉంది. బోర్డుల మీద ఫ్రెంచి చూడటానికి గైడు అక్కర్లేదు. ఆ ముసలివాళ్లతో ఒక్క మాట కలపడానికి కావాలి.

మొదటిసారి నా దగ్గర కొత్త జేబు గైడు ఉండేది. అందులో పలకరింపు ఒకటే ఇచ్చారు, స్నేహితుల మధ్య వాడేది. ఇనుప గుండ్లు విసిరే పెటాంక్ ఆట ఆడుతున్న చోట డెబ్బై దాటిన పెద్దాయన కూర్చుని ఉంటే ఆ పలకరింపే పలికాను. ఆయన కోప్పడలేదు. తల పైకెత్తి నెమ్మదిగా "వు" అన్నారు. అర్థం కాలేదు. మళ్లీ "వు" అన్నారు. తర్వాత తమిళంలో వివరించారు. ఫ్రెంచిలో నువ్వు వేరు, మీరు వేరు. నువ్వుకు "త్యు", మీరుకు "వు". నేను తండ్రి వయసు మనిషిని నువ్వు అన్నాను. సిగ్గుతో తల వంచుకున్నాను. మన భాషలో ఉన్నదే ఆ తేడా! ఇంగ్లీషులో లేదు కాబట్టి ఇంగ్లీషువాళ్ల కోసం రాసిన జేబు పుస్తకం దాన్ని ఎగ్గొట్టింది. తెలుగువాడికి ఒక్క వాక్యం చెబితే చాలు, జన్మలో మర్చిపోడు.

అందుకే కొట్లో నిలబడి ముందు అది వెతకండి. "త్యు, వు" తేడా చెప్పని గైడును, ఎంత బాగున్నా, అక్కడే పెట్టేయండి.

తర్వాత అంకెలు చూడండి. ఫ్రెంచిలో ఎనభైని నాలుగు ఇరవైలు అంటారు. తొంభై తొమ్మిదంటే నాలుగు ఇరవైలు, పది, తొమ్మిది. ఇది విన్నవాళ్లు వింతగా చూస్తారు. పుట్టికి ఇరవై తూములని కొలిచిన జాతికి ఇందులో వింతేముంది? ఇరవైల లెక్క మా అవ్వకు ఒక్క పూటలో వచ్చేసింది. బ్రస్సెల్స్‌లో మాత్రం డెబ్బైని సెప్తాంత్ అనీ, తొంభైని నోనాంత్ అనీ వేరే మాటలతో అంటారు. మీ పిల్లలెవరైనా అక్కడికి రెండు రోజులకు వెళ్తుంటే, వాళ్లు కొనే బ్రస్సెల్స్ గైడులో సెప్తాంత్ ఉందో లేదో చూడమనండి. లేదంటే దాన్ని రాసినవాడు పారిస్‌లో కూర్చుని రాశాడని నేను తేల్చేస్తాను. జెనీవా అయినా, మాంట్రియల్ అయినా నా పరీక్ష ఇదే. ఆ ఊరివాళ్ల నోట్లో ఉన్న మాట పుస్తకంలో ఉండాలి.

మాటల పట్టిక నుంచి వెనక్కి రెండు పేజీలు తిప్పితే అక్షర క్రమంలో ఊళ్ల పేర్లుంటాయి. అందులో యానాం కోసం చూడండి. పుదుచ్చేరి నుంచి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరం, రెండు రోజుల్లో వెళ్లలేరు, తెలుసు. అయినా చూడండి. గోదావరి ఒడ్డున కాకినాడ పక్కనున్న ఆ తెలుగు ఊరు పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం. అక్కడి జనం పుదుచ్చేరి శాసనసభకు ఒకరిని పంపుతారు. ఇంగ్లీషు ఇండియాలో 1929 శారదా చట్టం బాల్యవివాహాలను ఆపితే, జనం బండ్లు కట్టుకుని యానాం వెళ్లి పెళ్లిళ్లు చేశారు. కల్యాణపురం అన్న పేరు అలా వచ్చింది. ఆ పనిని నేను మెచ్చుకోను. కానీ ఫ్రెంచి పాలన తెలుగువాళ్ల ఇళ్లలోకి ఎలా వచ్చిందో చెప్పే సంగతి అది. యానాం లేని పుదుచ్చేరి గైడు నాకు వద్దు.

ఇంకొక పేరు కూడా ఉంటే మంచిది, కి. రాజనారాయణన్. కోవిల్‌పట్టి దగ్గర ఇడైచెవల్‌లో పుట్టిన, ఇంట్లో తెలుగు మాట్లాడే కమ్మవారింటి బిడ్డ. తమిళంలో రాశారు. ఉత్తరం నుంచి దిగివచ్చిన మనవాళ్ల వలసను "గోపల్ల గ్రామం" నవలగా 1976లో చెప్పారు. తర్వాతి పుస్తకానికి 1991లో సాహిత్య అకాడెమీ అవార్డు వచ్చింది. చివరి మూడు దశాబ్దాలు పుదుచ్చేరిలోనే ఉన్నారు, 2021 మేలో అక్కడే పోయారు. మా ఇళ్లవాళ్లకు ఆ ఊళ్లో తలచుకోవాల్సిన మొదటి మనిషి ఆయన. ఫ్రెంచి గవర్నర్లందరి పేర్లూ ఇచ్చి ఆయన పేరు వదిలేసిన గైడును చూస్తే నాకు బాధేస్తుంది.

బరువు గురించి ఒక మాట. ఎంత బరువైతే అంత మంచిది. మోసుకెళ్లలేనంత బరువుండాలి, ఎందుకంటే దాన్ని మోసుకెళ్లకూడదు. ఇంట్లో చదివి, ఇంట్లోనే వదిలేసి వెళ్లాలి. చేతిలో పుస్తకమున్నవాడు భవనం ముందు నిలబడి పేజీ చూస్తాడు, భవనాన్ని చూడడు. నా ఇన్ని ప్రయాణాల్లో నేను చూసింది ఇదే.

నాకు నచ్చిన పుదుచ్చేరి గైడు పన్నెండు సంపుటాలు. ఫ్రెంచి గవర్నరు డూప్లే దగ్గర దుబాసీగా పనిచేసిన ఆనందరంగ పిళ్లై 1736 నుంచి 1761 దాకా తమిళంలో రాసుకున్న దినచర్య. దాన్ని ఇంగ్లీషులో మద్రాసు ప్రభుత్వం 1904 నుంచి 1928 దాకా అచ్చు వేసింది. ఏ ఓడ ఎప్పుడు వచ్చింది, ఏ సరుకు ఎంత పలికింది, గవర్నరు భార్య ఎవరి మీద చాడీలు చెప్పింది, అన్నీ ఉంటాయి. మండీ లెక్కలు రాసినవాణ్ని కదా, ఆయన లెక్కలు చదువుతుంటే పక్క కొట్టు గుమాస్తాతో మాట్లాడుతున్నట్టుంటుంది. తెలుగువాళ్లకు ఆయన మరీ దగ్గర. కస్తూరి రంగకవి తన తెలుగు ఛందోగ్రంథానికి ఆయన పేరే పెట్టి "ఆనందరంగరాట్ఛందము" అన్నాడు. ఆయన ఇల్లు ఇప్పటికీ ఉంది, ఆయన పేరున్న వీధిలోనే. నేను సంపుటాలన్నీ కొనలేదు, కోయంబత్తూరు లైబ్రరీలో దొరికినవి చదివాను. రెండు రోజుల ప్రయాణానికి పన్నెండు సంపుటాలా అని నవ్వేవాళ్లను ఒకటే అడుగుతాను. ఈ దేశంలో ఒక పట్నాన్ని పాతికేళ్లపాటు రోజూ చూసి రాసినవాడు ఇంకొకడున్నాడా?

గైడు ఎలా రాయాలో మనకు కొత్తగా ఎవరూ నేర్పక్కర్లేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మేలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి మరుసటేడు సెప్టెంబరులో తిరిగొచ్చాడు. ఏ మజిలీలో సత్రం ఉంది, నీళ్లెలా ఉన్నాయి, ఏ సరుకు దొరుకుతుంది అని ఊరూరికీ రాసుకుంటూ పోయాడు. అది 1838లో అచ్చయింది. ఆ సత్రాలెన్నో ఇవాళ లేవు. అయినా "కాశీయాత్ర చరిత్ర"ను మనం ఇప్పటికీ చదువుతున్నాం. ఇరవై ఏళ్లు నిండిన గైడుకే ఇంత వాదించాల్సి రావడం నాకు ఆశ్చర్యంగా ఉంటుంది.

పుస్తకం కొన్నాక నెల రోజులు రాత్రి భోజనాలయ్యాక ఇంట్లో అందరికీ పైకి చదవండి. ఇంగ్లీషుదైతే మీ మాటల్లోకి మార్చి చెప్పండి. ఎక్కడ అవ్వ "ఆగు, మళ్లా చెప్పు" అంటుందో అక్కడ పెన్సిలుతో గీత గీయండి. రెండు రోజుల్లో ఆ గీతలున్న చోట్లకే వెళ్లండి, మిగతావి వదిలేయండి. మా ఇంట్లో అలా గీసినవి నాలుగు: బుస్సీ వీధి, పెటాంక్ ఆడే చోటు, రంగ పిళ్లై ఇల్లు, భారతి పార్కు మధ్యనున్న ఆయి మండపం. కృష్ణదేవరాయలు ఆయి అనే వేశ్య ఇంటిని గుడి అనుకుని దండం పెట్టాడని, సంగతి తెలిసి కూలగొట్టమన్నాడని, ఆమె ఆ చోట చెరువు తవ్వించిందని కథ. రాయలవారి మీద మా అవ్వకు ఆ రోజు నుంచి కోపం.

గీతలు ముందే ఉన్న పుస్తకం దొరికితే అంతకన్నా అదృష్టం లేదు. ఉక్కడంలో దొరికిన నా గైడులో ఎవరో తమిళంలో ఒక పేజీ అంచున "ఇక్కడ కూర్చుంటే సాయంత్రం గాలి బాగుంటుంది" అని రాశారు. దీపస్తంభం పేజీ అది, 1836లో మొదట వెలిగింది. ఏడుసార్లూ అక్కడ కూర్చున్నాను. గాలి బాగుంది.

కాబట్టి మీ ఇంట్లో అటక మీద పాత గైడులుంటే, పుదుచ్చేరిదైనా, పారిస్‌దైనా, తూకానికి అమ్మేయకండి. మీరు గీసిన గీతలు చెరపకుండా మీ ఊరి పాత పుస్తకాల కొట్లో ఇవ్వండి. ఉక్కడం దాకా రాగలిగితే ఇక్కడే ఇవ్వండి. నేను ప్రతి శనివారం వస్తాను.